బొలెరోలో 62 బస్తాలు

మే నెల మధ్యలో, జీడిపిక్కల సీజన్ మంచి ఊపు మీదున్న రోజుల్లో, కాశీబుగ్గలో నేను లెక్కలు చూసే ఒక షావుకారు గారు ఫోన్ చేశారు. "అమ్మా, ఓపాలి గోడౌనుకి రా. వైజాగ్ నుంచి కుర్రాళ్లు వచ్చినారు. మన బిల్లులన్నీ కంప్యూటరే చదువుకుని, అదే రాసేసుకుంటాదట. నువ్వు చూసి ఒక మాట చెప్తే అప్పుడు డబ్బు కడదాం" అన్నారు.

నేను వెళ్లేసరికి ఆఫీసు గదిలో బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నారు. నలిగిపోయిన బిల్లు ఒకటి తీసి, ఫోన్‌తో ఫొటో కొట్టి వాట్సాప్‌లో పంపారు. పది సెకన్లు కూడా పట్టలేదు. బస్తాలెన్ని, తూకమెంత, ధరెంత, మొత్తమెంత, బండి నంబరేంటి, అన్నీ గళ్లలోకి వచ్చి కూర్చున్నాయి. ఒక్కసారి నొక్కితే ట్యాలీలోకి, అంటే మా లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి, వెళ్లిపోయాయి. బాకీ ఉన్న పార్టీలకి గడువు చూసుకుని తెలుగులో మెసేజ్ కూడా అదే పంపుతుందట. నెల నెలా జీఎస్టీ లెక్కతో మన లెక్క సరిపోయిందో లేదో అదే చూసి చెబుతుందట. షావుకారు గారి మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, గొంతు తగ్గించాననుకుని, "అయితే ఇంక గుంటడి అవసరం ఉండదు కదమ్మా?" అన్నారు.

గుంటడు, అంటే బిల్లులు ఎక్కించే కుర్రాడు, గుమ్మంలోనే ఉన్నాడు. బీకాం అయ్యాక రెండేళ్లుగా అక్కడే పని. నెలకి 12,000 జీతం. చేతిలో ఆ రోజు బిల్లుల కట్ట ఉంది. విననట్టు తల వంచుకుని, మళ్లీ మొదటి బిల్లు నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్నకి నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "ఒక నెల రెండూ నడిపిద్దాం. అది రాసేదీ వీడు చూసేదీ పక్కపక్కన పెట్టి చెప్తాను" అన్నాను. ఆ నెల అయిపోయింది. ఆయనకి నేను చెప్పిన జవాబూ, దానికి ముందు నాలో నేను పడ్డ తర్జనభర్జనా ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఈ మధ్యలో ఇదే ప్రశ్న ఇంకో ముగ్గురు అడిగారు. ఒక రైస్ మిల్లాయన, ఒక ఎరువుల కొట్టాయన, విజయనగరంలో మందుల హోల్‌సేల్ చేసే మా బంధువు. ముగ్గురి ప్రశ్నా ఏఐ గురించే అయినా, అడిగిన తీరులో మాత్రం ఒక మనిషి ఉన్నాడు. తీసేయొచ్చా అని.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి

నేను కంప్యూటర్ అంటే పడని మనిషిని కాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి నా బతుకంతా స్క్రీన్ ముందే. ప్రతి నెలా 14న జీఎస్టీ పోర్టల్‌లో 2బి, అంటే మనకి అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లుల జాబితా వస్తుంది, 20కల్లా 3బి అనే నెలవారీ రిటర్ను వేసేయాలి. ఈ ఆరు రోజుల్లో ముప్పై మంది వ్యాపారుల కొనుగోలు బిల్లులు తీసి, అమ్మినవాళ్లు అవి పోర్టల్‌లో ఎక్కించారో లేదో ఒక్కొక్కటీ పోల్చుకోవాలి. ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్ను మీద 18 శాతం వడ్డీ. 19వ తారీఖు రాత్రి పదకొండు దాటాక నా కళ్లకి 3కీ 8కీ తేడా తెలీదు. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ పోల్చే పనిని ఇది నాలుగు నిమిషాల్లో చేసింది. పైగా ఏప్రిల్ లెక్కలో ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కిందని పట్టుకుంది. ఒకచోట నంబరు ముందు సంవత్సరం కలిపి రాశారు, ఇంకోచోట ఉత్త నంబరు రాశారు. నేను చూసి, సరే అని పంపించిన లెక్క అది.

చేతిరాత కూడా బాగానే చదువుతోంది. సోంపేట వైపు నుంచి వచ్చే ఒక పార్టీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి, కార్బన్ కాపీ మీద రాస్తాడు. దాన్నీ చదివింది. మొదట్లో ఒకచోట మాత్రం తప్పింది. రైతు దగ్గర నేరుగా పిక్కలు కొన్నప్పుడు బిల్లులో పన్ను ఉండదు. కానీ రివర్స్ ఛార్జ్ కింద ఆ పన్ను కొన్న షావుకారే కట్టాలి. బిల్లులో పన్ను కనబడలేదు కాబట్టి అసలు పన్నే లేదని రాసేసుకుంది. చెప్పగానే సరిచేశారు. మళ్లీ ఆ తప్పు రాలేదు.

యంత్రం వస్తే చేతిపని పోతుందని బాధపడే రాతలు చదివినప్పుడల్లా నాకు మా అమ్మ చేతులు గుర్తొస్తాయి. అమ్మ పిక్కలు కొట్టేది. జీడి సొన పడి వేళ్ల చర్మం నల్లబడి, పొరలు పొరలుగా ఊడేది. అన్నం కలుపుకుంటే మంట. పెళ్లిళ్లకి వెళ్తే చేతులు పమిట కింద దాచుకునేది. ఇప్పుడు పిక్క కోసే మిషన్లు వచ్చాయి. ఆ చేతిపని పోయినందుకు నాకు కాస్తయినా బెంగ లేదు. బిల్లులు ఎక్కించే పని కూడా అలాంటిదే, పోతే పోనీ అనుకునే నేనీ నెల మొదలుపెట్టాను.

తలుపు వెనక సుద్దగీతలు

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం గుంటడు ఫోన్ చేశాడు. "మేడమ్, ఒక బిల్లు కంప్యూటర్ ఓకే చేసేసింది. నాకే నచ్చలేదు."

"ఏం నచ్చలేదు?"

"బొలెరోలో అరవై రెండు బస్తాలు పట్టవు మేడమ్."

బిల్లు తెప్పించుకుని చూశాను. 62 బస్తాలు. బస్తాకి 80 కేజీల చొప్పున 4,960 కేజీలు. దానికి ధర, దాని మీద పన్ను, అడుగున మొత్తం. ఎక్కడా పైసా తేడా లేదు. సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లులోనూ అదే అంకె. సాఫ్ట్‌వేర్ చూడాల్సినవన్నీ చూసింది. గుణకారం సరిపోయింది. పన్ను సరిపోయింది. పార్టీ పేరు, జీఎస్టీ నంబరు సరిపోయాయి. ధర ఆ వారం మిగతా బిల్లుల ధరకి దగ్గరగానే ఉంది. పచ్చ టిక్కు పెట్టింది. నేనైనా పెట్టేదాన్నే.

బిల్లు మూల చిన్న అక్షరాల్లో బండి నంబరు ఉంది. ఆ బండి గుంటడికి తెలుసు. మందస వైపు నుంచి వారానికి రెండుసార్లు వచ్చే బొలెరో అది. రెండు టన్నులు ఎక్కిస్తేనే వెనక భాగం కిందికి దిగిపోతుంది. అందులో ఐదు టన్నులు ఎలా వస్తాయి? వాడు లేచి గోడౌనుకి వెళ్లాడు. అక్కడ కళాసీలు బస్తాలు దింపుతూ తలుపు వెనక సుద్దముక్కతో గీతలు గీస్తారు. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత, ఐదు. ఏళ్ల తరబడి గీసి, గోనెముక్కతో తుడిచి, మళ్లీ గీసీ గీసీ ఆ చెక్క ఛాతీ ఎత్తులో తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఆ రోజు గీతలు ఇంకా చెరపలేదు. ఐదు కట్టలు, పక్కన ఒంటరిగా ఒక గీత. 26.

అవతలి కొట్లో కొత్తగా చేరిన కుర్రాడు 26ని 62 అని కొట్టాడు. అక్కడి నుంచి తూకం, ధర, పన్ను అన్నీ వాళ్ల కంప్యూటరే కట్టుకుంటూ పోయింది. దాన్ని మన కంప్యూటర్ చదివి, అన్నీ సరిపోయాయంది. 36 బస్తాలంటే ఆనాటి ధరకి నాలుగు లక్షల పైమాట. ఇందులో మోసమేమీ లేదు. ఫోన్ చేస్తే అవతలి ఆయన నొచ్చుకుని, మర్నాడే క్రెడిట్ నోట్ పంపారు.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి చెబితే, "దీనికి రూల్ పెట్టేస్తాం మేడమ్, బండి రకాన్ని బట్టి ఇన్ని టన్నులు దాటితే ఆపేస్తుంది" అన్నారు. అన్నట్టే మర్నాటికి పెట్టారు. మంచి కుర్రాళ్లు, పని తెలిసినవాళ్లు. వాళ్లకి వంక పెట్టడానికి నాకేమీ లేదు. కానీ ఆ రూల్ ఎక్కడి నుంచి వచ్చిందా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. గుంటడికి అనుమానం రాబట్టి వచ్చింది. రేపు ఇంకో రూల్ కావాలంటే ముందు ఇంకెవరికో అనుమానం రావాలి.

ఇంకో సంగతి. పని మొదలుపెట్టే ముందు ఆ కుర్రాళ్లు షావుకారు గారిని కూర్చోబెట్టి, "మీ దగ్గర కొనుగోలు ఎలా జరుగుతుందో మొదటి నుంచి చెప్పండి" అని అడిగారు. నేను పక్కనే ఉన్నాను. "ఏటుంది, బండి వస్తాది, సరుకు దిగుతాది, బిల్లు వస్తాది, డబ్బిస్తాం" అన్నారాయన. తలుపు సంగతి ఆయన చెప్పలేదు. ముప్పై ఏళ్లుగా రోజూ చూస్తున్న తలుపు. నేనూ చెప్పలేదు. మా పాత గుమస్తా గారు ఉన్న రోజుల్లో, డబ్బు ఇచ్చే ముందు ఆయన చెప్పులు వేసుకుని గోడౌను వైపు వెళ్లి రావడం నేను వందల సార్లు చూశాను. కాళ్లు బారజాపుకోడానికి వెళ్తున్నారనుకున్నాను.

మన చిన్న వ్యాపారాల్లో పని ఎలా జరగాలో ఎక్కడా రాసి ఉండదు. కాగితం మీద ఉన్నదాన్ని ఏఐ చదువుతుంది, చదివిందాన్ని బ్రహ్మాండంగా చేస్తుంది. తలుపు వెనక ఉన్నది దానికి ఎవరో చెప్పాలి. చెప్పాల్సినవాళ్లకి అది చెప్పాల్సిన విషయమని తోచదు.

చెయ్యి ఆగడం

2005లో డిగ్రీ అయ్యాక నేను ఆ గుమస్తా గారి దగ్గరే పనిలో చేరాను. అప్పటికే కొట్లో కంప్యూటర్ ఉంది, ట్యాలీ ఉంది. అయినా నాతో రెండేళ్లు చిట్టాలోంచి, అంటే రోజువారీ పుస్తకంలోంచి, ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి, చేత్తో రాయించారు. ఒకరోజు విసుగొచ్చి, "తాతగారూ, ఇదంతా కంప్యూటర్‌లో ఉంది కదా, మళ్లీ చేత్తో ఎందుకు?" అన్నాను. "కంప్యూటర్ కోసం కాదు తల్లీ, నీ చేతి కోసం. తప్పు అంకె రాసేటప్పుడు చెయ్యి ఆగాల" అన్నారు. చాదస్తం అనుకున్నాను.

మూడో ఏడు ఒక అమ్మకం బిల్లు రాస్తుంటే చెయ్యి ఆగింది. ఎందుకు ఆగిందో ముందు తెలియలేదు. మళ్లీ చదివితే తెలిసింది: 320 గుండ్ల (గుండు అంటే విరగని జీడిపప్పు) ధర 240 ధర కంటే ఎక్కువుంది. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది, ధర తగ్గాలి. పౌనుకి 320 దాకా తూగేది చిన్న గుండు, 240 దాకా తూగేది పెద్దది. ఈ సూత్రం నాకు మొదటి రోజే చెప్పారు. కానీ ఆ రోజు నన్ను ఆపింది ఆ సూత్రం కాదు. వేల సార్లు రాసిన వరస ఒకటి తప్పింది, అంతే. ధరలు రెండూ తారుమారుగా పడ్డాయి.

1983లో లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఫ్యాక్టరీలను ఆటోమేషన్ చేస్తే ఏమవుతుందన్న దాని మీద ఒక చిన్న వ్యాసం రాశారు. తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే మనిషికి మిగిలేది కష్టమైన పని, అంటే యంత్రం తప్పినప్పుడు పట్టుకునే పని. ఆ పనికి కావాల్సిన నేర్పు వచ్చేది మాత్రం ఆ తేలిక పనులు రోజూ చేయడం వల్లే. ఇప్పుడు యంత్రాలను కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఒకప్పుడు అదే పని చేత్తో చేసినవాళ్లు, కాబట్టి నడుస్తోంది. తర్వాతి తరానికి ఆ నేర్పు ఉంటుందని ఎలా అనుకుంటాం అని ఆమె అడిగారు. రసాయన ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాల లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాసిన మాట అది. మా గుమస్తా గారు ఆ పేరు కూడా విని ఉండరు.

ఇక్కడి దాకా వచ్చాక నా వాదన నాకే బాగా నచ్చింది. చేత్తో రాసినవాడికే అనుమానం వస్తుంది, కాబట్టి చేత్తో రాయించాలి. అయితే మర్నాడు గుంటడిని అడిగాను, "రోజూ బండి నంబరు చూస్తావా?" అని.

"లేదు మేడమ్. ఇదివరకు ఎక్కించడానికే టైం చాలేది కాదు. నంబరు కూడా చూడకుండా కొట్టేసేవాణ్ణి. ఇప్పుడు అది ఎక్కిస్తుంటే ఊరికే చూస్తా కూర్చున్నాను. అప్పుడు కనబడింది."

నా వాదన సగం అక్కడే కూలిపోయింది. యంత్రం లేకపోతే ఆ సాయంత్రం వాడికీ ఆ 62 కనబడేది కాదేమో. రోజుకి ఎనభై బిల్లులు కొట్టే మనిషికి అనుమానపడే తీరిక ఎక్కడిది? మా గుమస్తా గారి రోజుల్లో రోజుకి పదో పదిహేనో బిల్లులు వచ్చేవి. పైగా ఆయన దగ్గర నాతో పాటు ఇంకో ముగ్గురు రాత నేర్చుకున్నారు. ముగ్గురిలో ఇద్దరికి ఎప్పుడూ చెయ్యి ఆగలేదు. రెండేళ్లు రాయిస్తే అందరికీ వచ్చేస్తుందని చెప్పలేను. తక్కువ జీతానికి రెండేళ్లు కాపీ రాయించడాన్ని చదువు అని పేరు పెట్టి సమర్థించడం కూడా నాకిష్టం లేదు. ఆ రెండేళ్లూ నేను ఎంత విసిగిపోయానో నాకు గుర్తుంది.

అయినా మిగిలిన సగాన్ని వదలలేకపోతున్నాను. గుంటడికి ఆ తీరికలో కనబడింది ఎందుకంటే, అంతకు ముందు రెండేళ్లు బిల్లులు కొట్టాడు, బళ్లు దిగుతుంటే చూశాడు, కళాసీలతో టీ తాగాడు. వాడి తర్వాత వచ్చేవాడు మొదటి రోజు నుంచీ పచ్చ టిక్కులే చూస్తూ కూర్చుంటే, వాడికి బొలెరో అంటే ఏంటో తెలుసు గానీ, దాంట్లో 62 బస్తాలుండటం వింతగా తోస్తుందా?

నేను లెక్కలు చూసే ఇంకో ఫ్యాక్టరీలో జరిగింది చెబుతాను. జీడిపప్పు రంగు చూసి వేరుచేసే కెమెరా మిషన్ పెట్టారు. దానికి ఏది తెలుపో, ఏది మాడిందో, ఏది మచ్చదో నేర్పడానికి టెక్నీషియన్ పక్కన ఇద్దరు ముసలమ్మలు మూడు రోజులు కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా పప్పు ఏరినవాళ్లు. మిషన్ బాగా నేర్చుకుంది. ఆ ఏడు చివర్లో వాళ్లని మాన్పించారు. ఆ తర్వాత ఆఫ్రికా పిక్క వచ్చింది, ఆ లోడులో పప్పు కొంచెం పసుపు ఛాయలో ఉంది. మిషన్ మంచి గుండునంతా రెండో రకంలోకి తోసేసింది. రెండు రోజుల తర్వాత గానీ ఎవరూ గమనించలేదు. టెక్నీషియన్ ఫోన్‌లో, "ఏది మంచిదో ఎవరైనా ఏరి చూపించండి, మళ్లీ నేర్పిద్దాం" అన్నాడు. చూపించడానికి అక్కడ ఎవరూ లేరు. ముసలమ్మల్లో ఒకామె హైదరాబాద్‌లో కూతురి దగ్గరుంది. ఆటో పెట్టి రెండో ఆమెని ఇంటి నుంచి తీసుకొచ్చారు. సగం రోజు కూలి ఇచ్చి పంపారని తర్వాత తెలిసింది. ఆ మిషన్‌లో ఉన్న తెలివి ఆమెది కదా, దానికి కట్టే ధర సగం రోజు కూలేనా అని నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే

2024 అక్టోబర్ నుంచి జీఎస్టీ పోర్టల్‌లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మనకి అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులు మన ముందుకొస్తాయి. ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, పెండింగ్‌లో పెట్టవచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. నిజాయితీగా చెబుతున్నాను, మాలాంటివాళ్లలో చాలామంది ఏమీ చేయకుండా వదిలేస్తున్నాం. టైం లేదు. ఇప్పుడు ఏఐ వచ్చి పచ్చ టిక్కు పడ్డవన్నీ గుత్తగా ఒప్పేసుకుంటానంటోంది. అప్పుడు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మనిషి కూడా ఆ బిల్లు చూడడు. అవతల రాసింది కంప్యూటర్, ఇవతల చదివింది కంప్యూటర్, ఒప్పుకున్నదీ కంప్యూటరే. కానీ రాని సరుకు మీద పన్ను క్రెడిట్ తీసుకున్నారని రేపు నోటీసు వస్తే, అది షావుకారు గారి పేరు మీదే వస్తుంది.

కెనడాలో ఇలాంటిదే కోర్టు లాంటి ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, నాయనమ్మో అమ్మమ్మో పోయిన ఒక ప్రయాణికుడికి, టికెట్ కొన్నాక కూడా చావు రాయితీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది. కంపెనీ నిబంధనల్లో అది లేదు. డబ్బు అడిగితే, చాట్‌బాట్ చెప్పినదానికి బాధ్యత చాట్‌బాట్‌దే అన్న ధోరణిలో కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కట్టించింది. చిన్న మొత్తమే. కానీ అంత పెద్ద కంపెనీయే 'నాకు తెలీదు, అది చెప్పింది' అనగలిగిందంటే, మన కొట్లలో ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?

బ్రిటన్ పోస్టాఫీసు కథ ఇంకా భయపెడుతుంది. అందులో ఏఐ లేదు, మామూలు లెక్కల సాఫ్ట్‌వేరే. 1999 నుంచి హొరైజన్ అనే ఆ వ్యవస్థ, చిన్న చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్ల ఖాతాల్లో లేని లోటు చూపించింది. మేం తీయలేదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. 2015 లోపు 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకెళ్లారు, కొందరు ఇళ్లు అమ్ముకుని లేని బాకీ కట్టారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని 2019లో హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఈ కథ చదువుతున్నంతసేపూ నాకు గుంటడే గుర్తొచ్చాడు. లెక్కలో లోటు వస్తే మన దగ్గర ముందు అనుమానించేది కొట్లో పనిచేసే కుర్రాణ్ణి. కంప్యూటర్‌ని అనుమానించడం ఎవరికీ అలవాటు లేదు.

నా ఆఫీసులో జరిగింది

బాకీలు అడిగే మెసేజ్‌ల గురించి నేను ఎవరికో నీతి చెప్పే స్థితిలో లేను. పోయిన ఏడాది నా ఫీజులు అడగడానికి నేనూ అలాంటిది ఒకటి పెట్టుకున్నాను. గడువు దాటిన 30 రోజులకి ఒకటి, 45కి ఒకటి, కొంచెం గట్టిగా 60కి ఒకటి. వసూళ్లు నిజంగానే పెరిగాయి. ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి మొహమాటపడే బాధ తప్పింది.

అరవయ్యో రోజు మెసేజ్ ఒకరికి, వాళ్ల నాన్నగారి పెద్దకర్మ రోజు పొద్దున్న వెళ్లింది. ఆ పెద్దకర్మకి నేను కూడా వెళ్లాను. భోజనాల దగ్గర ఆయన నా విస్తట్లో దగ్గరుండి వడ్డించారు, ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక ఫోన్ చూసుకుంటే ఆయన దగ్గర్నుంచి డబ్బు పడి ఉంది. మెసేజ్ వెళ్లిన పది నిమిషాలకే వేశారు. అంటే కర్మ పనుల మధ్యలో. నేను వెళ్లి క్షమాపణ అడిగాను. "పర్వాలేదమ్మా, అది కంప్యూటర్ కదా" అన్నారు. మార్చి తర్వాత ఆయన లెక్కలు వేరే చోటికి మారిపోయాయి.

సాఫ్ట్‌వేర్‌కి చావు సంగతి తెలియదనేది నిజమే. నాకు తెలుసు కదా. తెలిసిన నేను మెసేజ్ పంపే చోట లేను. నన్ను నేనే అక్కడి నుంచి తప్పించుకున్నాను, మొహమాటం తప్పుతుందని. ఆ మొహమాటమే ఆ రోజు చేయాల్సిన పని.

అంకెల్లో లేని తుఫాను

ఇంకొకటి చెప్పి నా జవాబుకి వస్తాను. షావుకారు గారి పాత ట్యాలీ లెక్కలన్నీ ఇస్తే, వచ్చే సీజన్‌లో ఏ పార్టీ దగ్గర ఎంత కొనాలో అంచనా కట్టి ఇచ్చింది. ఉద్దానం వైపు కొందరు రైతుల దగ్గర సరుకు నిలకడగా రాదు, వాళ్ల మీద ఆధారపడొద్దు అంది. ఎందుకా అని చూస్తే, 2019 వేసవిలోనూ ఆ తర్వాతా వాళ్లు తెచ్చింది చాలా తక్కువ. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ రైతుల జీడిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్త మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ చలికాలం షావుకారు గారు వాళ్లకి నోటు లేకుండా చేబదులు ఇచ్చారు. అది ట్యాలీలో లేదు. చెట్లు కాపుకొచ్చాక ఇంకో కొట్టు గుమ్మం తొక్కకుండా ఈయన దగ్గరికే వస్తున్నది వాళ్లే. అంచనా కాగితం చూసి ఆయన ఏమీ మాట్లాడలేదు, మడిచి పక్కన పెట్టేశారు.

నేను చెప్పిన జవాబు

సాఫ్ట్‌వేర్ తీసుకోండి అన్నాను. గుంటడిని ఉంచండి అన్నాను. వాడి పని మాత్రం మార్చండి. ఎక్కించడం పూర్తిగా దానికి వదిలేయండి, పొద్దున్న వచ్చే మొదటి పది బిల్లులు తప్ప. ఆ పది మాత్రం వాడు చేత్తో ఎక్కించాలి, అదీ కంప్యూటర్ ఏం చదివిందో చూడకముందే. రెండూ పక్కన పెట్టి నాకు పంపాలి. డబ్బు వెళ్లే ముందు ప్రతి బిల్లుకీ వాడు గోడౌను తలుపు దాకా వెళ్లి రావాలి. బాకీ మెసేజ్‌లు కంప్యూటర్ రాసిపెట్టనీ, వాడు పేరు చూసి నొక్కితేనే వెళ్లాలి. పోర్టల్‌లో ఒప్పుకోవడం నేనే చేస్తాను, ఒక్కొక్కటీ చూసి. ఇప్పుడు నాకు ఆ టైం ఉంది, ఎందుకంటే పోల్చే పని అది చేస్తోంది.

షావుకారు గారు కాసేపు ఊరుకుని, "జీతమూ ఇవ్వాల, దీనికీ కట్టాల. మరి నాకేటి మిగుల్తాదమ్మా?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్న. ఆ ఒక్క బిల్లులో పట్టుకున్నది వాడి మూడేళ్ల జీతానికి దగ్గర అని చెప్పాను. చెబుతూనే, అలాంటి బిల్లు ప్రతి నెలా రాదనీ, స్టాకు లెక్కలో ఎప్పటికైనా అది బయటపడేదేననీ కూడా చెప్పాను. లాభం చూపించి ఆయన్ని ఒప్పించాలంటే నా దగ్గర గట్టి లెక్క లేదు. ఆస్ట్రేలియాలో కామన్‌వెల్త్ బ్యాంకు ఫోన్లెత్తడానికి ఏఐ గొంతు పెట్టి 45 మందిని తీసేస్తామని ప్రకటించి, 2025 ఆగస్టులో తప్పు జరిగిందని ఒప్పుకుని ఆ నిర్ణయం వెనక్కి తీసుకుంది. వాళ్లు వెనక్కి పిలవగలరు. ఈ గుంటడు ఒకసారి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిపోతే, మందస బొలెరో గురించి తెలిసిన మనిషి మళ్లీ మీకు దొరకడు అన్నాను.

"సంక్రాంతి దాకా చూద్దాం" అన్నారు. అంతకంటే గట్టి మాట ఆయన నోట రాలేదు, నేనూ అడగలేదు.

పోయిన శనివారం వెళ్లాను. తలుపు వెనక గీతల పక్కనే ఇప్పుడు బండి నంబరు కూడా సుద్దతో రాసి ఉంది, గుంటడి రాత. నేను అక్కడుండగానే లోడు దిగడం అయిపోయింది. కళాసీల మేస్త్రి గోనెముక్క చేతిలో పట్టుకుని, చెరపకుండా ఆగి, ఆఫీసు గది వైపు తిరిగి కేకేశాడు. "బాబూ, వచ్చి చూసుకో. తుడిచేస్తన్నాను."